నీట్‌లో సీటు వచ్చింది, క్లాసులు మొదలయ్యేలోపు అనాటమీ చదవడం మొదలుపెట్టాలా? తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఫస్ట్ ఇయర్ ఎలా ఉంటుంది?

మొదలుపెట్టకు చెల్లీ. నీ ప్రశ్నకు సూటి జవాబు ఇదే. ఎందుకో కింద చెప్తాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

నువ్వు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది: పదో తరగతి దాకా తెలుగు మీడియం, బైపీసీ, ఆ తర్వాత లాంగ్ టర్మ్, తెలంగాణలో కొత్తగా పెట్టిన ఒక జిల్లా మెడికల్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు. క్లాసులకు ఇంకా కొన్ని వారాలు ఉంది, ఖాళీగా కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంది, పైగా ఎవరో అనాటమీ పుస్తకాలన్నీ ఇప్పుడే కొనేయమన్నారు. ఇంగ్లీషు భయం, శవాన్ని కోయాలంటే భయం, ఖర్చు భయం, ర్యాగింగ్ భయం. నేనూ నల్గొండ వైపు జడ్పీ హైస్కూల్లో చదివి లాంగ్ టర్మ్ మీదుగా వచ్చినదాన్నే, ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. కాబట్టి నేను చూసింది చెప్తాను.

ముందు నీట్ మనకు ఏం అలవాటు చేసిందో చూడు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, నాలుగేసి ఆప్షన్లు. జవాబు ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది, మనం దాన్ని గుర్తుపడితే చాలు. తప్పైతే మార్కు పోతుంది కాబట్టి అనుమానం ఉన్న ప్రశ్నను ముట్టుకోవద్దని సార్లు రెండేళ్లపాటు మన బుర్రలోకి ఎక్కించారు. అది ఆ పరీక్షకు కరెక్టే. మెడికల్ కాలేజీకి వచ్చాక సరిగ్గా ఈ అలవాటే పిల్లల్ని ముంచుతుంది. ఎందుకంటే ఇక్కడ వైవా, అంటే ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడిగే పరీక్ష, ఉంటుంది. మేడమ్ ఒక ఎముక చేతికిచ్చి 'చెప్పమ్మా' అంటారు, అంతే. ఆప్షన్లు ఉండవు. మనకేమో అనుమానం ఉంటే నోరు మూసుకోవడం అలవాటు. తప్పు చెప్పిన పిల్లను మేడమ్ ఇంకో ప్రశ్న వేసి దారిలోకి తెస్తారు, మాట్లాడని పిల్లకు ఆవిడైనా ఏం మార్కులు వేయగలరు? మా బ్యాచ్‌లో మొదటి ఇంటర్నల్స్‌లో (కాలేజీ వాళ్లే పెట్టే పరీక్షలు) దెబ్బతిన్నవాళ్లలో నీట్‌లో 600 దాటినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు సబ్జెక్టు తెలుసు, బయటికి రాలేదు.

ఒక్క ఎముకతో చెప్తాను. ఇంటర్లో హ్యూమరస్ (భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక) అంటే చేతికి ఉండే 30 ఎముకల్లో ఒకటి, అక్కడితో అయిపోయింది. ఇక్కడ అదే ఎముకను చేతిలో పట్టుకుని, అది ఒంట్లో ఎలా ఉంటుందో అలా పెట్టి, కుడి చేతిదా ఎడమ చేతిదా చెప్పాలి, ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. దాని మెడ దగ్గర విరిగితే ఏ నరం దెబ్బతింటుంది, మధ్యలో విరిగితే ఏది. మధ్యలో వెనక వైపు ఎముకను ఆనుకుని రేడియల్ నరం వెళ్తుంది, అది దెబ్బతింటే మణికట్టు పైకి లేవదు, చెయ్యి వేలాడిపోతుంది. ఇంకా కిందికి, మోచేతి లోపలి వైపు బుడిపె వెనక అల్నార్ నరం ఉంటుంది, మోచేయి తలుపుకు తగిలినప్పుడు చిటికెన వేలి దాకా జివ్వుమనేది అదే. ఇంట్లో ఒంటరిగా పుస్తకం పెట్టుకుని ఈ పేర్లు బట్టీ కొడితే వారం తిరక్కుండా పోతాయి. ఎముక చేతిలో పట్టుకుని, పక్కన ఇంకో పిల్లను నిలబెట్టి, దాని చెయ్యి తడుముతూ ఒకసారి పైకి చెప్తే పోవు. ఇప్పుడే అనాటమీ వద్దన్నది అందుకే. నీ దగ్గర ఎముక లేదు, వినేవాళ్లూ లేరు.

ఫిజియాలజీ, అంటే ఒళ్లు ఎలా పనిచేస్తుందో చెప్పేది, కొంచెం దయ ఉన్న సబ్జెక్టు, నీట్‌లో చదివింది ఇక్కడ నిజంగా పనికొస్తుంది. గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుంది, ఒక్కోసారి 70 మిల్లీలీటర్లు పంపిస్తుంది, మొత్తం దాదాపు 5 లీటర్లు, ఇది మనందరికీ వచ్చు. ఇక్కడ తర్వాతి ప్రశ్న అడుగుతారు: పడుకున్న మనిషి గబుక్కున లేస్తే ఏమవుతుంది, కళ్లు తిరుగుతాయి కదా, మళ్లీ ఎలా సర్దుకుంటాయి? వరుసగా చెప్పాలి. రక్తం కాళ్లలోకి దిగుతుంది, గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది, బీపీ పడుతుంది, మెడలో బీపీని కనిపెట్టుకుని ఉండే బారోరిసెప్టార్లు పసిగడతాయి, గుండె వేగం పెరుగుతుంది. ఒక మెట్టు మర్చిపోతే పైమెట్టు ఎక్కలేవు. బయోకెమిస్ట్రీ గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ కష్టమే, పరీక్షలకు ముందు ఒంట్లో జరిగే రసాయన చర్యల సైకిల్స్ బొమ్మలు గోడకు అతికించుకుని తిట్టుకుంటూ చదువుతాం.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. కోచింగ్‌లో ఐపీఈని (ఇంటర్ బోర్డు పరీక్ష) చిన్నచూపు చూశాం కదా, రెండు మార్కుల ప్రశ్నలు, నాలుగు మార్కులవి, ఎనిమిది మార్కుల ఎస్సేలు బొమ్మలతో సహా రాయడం, 'ఇవి బోర్డు వాళ్ల కోసం' అని. ఫస్ట్ ఇయర్‌లో ఆ రాతే మళ్లీ కావాలి. యూనివర్సిటీ పేపర్లో ఎంసీక్యూలు కొన్ని మార్కులకే, మిగతాదంతా రాయాలి, బొమ్మ గీసి భాగాలు గుర్తించాలి. లాంగ్ టర్మ్‌లో బుడగలు దిద్దీ దిద్దీ మూడు గంటలు రాసే అలవాటే పోయి ఉంటుంది. హిస్టాలజీ (మైక్రోస్కోపులో కణజాలాలు చూసే పాఠం) రికార్డుకైతే గులాబీ, ఊదా రంగుల పెన్సిళ్లు కొనిపిస్తారు, స్లైడులో కణాలు ఎలా కనిపిస్తే అలా వేయాలి. జువాలజీ రికార్డు నీటుగా గీసిన పిల్లవైతే నీకు ఇక్కడ సుఖమే.

ఇంగ్లీషు సంగతి. లెక్చర్లు ఇంగ్లీషులోనే, పరీక్షా ఇంగ్లీషులోనే. అయితే ఒకటి గుర్తుపెట్టుకో, లాటిస్సిమస్ డార్సి, బ్రేకియల్ ప్లెక్సస్ లాంటివి హైదరాబాద్‌లో ఇంటర్నేషనల్ స్కూల్లో చదివినవాడికీ ఆ రోజే కొత్త. పేర్ల దగ్గర అందరం సమానమే. తేడా వచ్చేది వాటి మధ్యలో వాక్యం కట్టడంలో. ఈ ఖాళీలో చేయగలిగిన పని ఇదొక్కటే అని నా అభిప్రాయం: నీకు బాగా వచ్చిన బయాలజీ పాఠం ఏదో ఒకటి తీసుకో, రక్తప్రసరణో కిడ్నీయో, పుస్తకం మూసేసి రోజూ ఐదు నిమిషాలు ఇంగ్లీషులో పైకి చెప్పు, ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. మొదట్లో మన గొంతు మనకే సిగ్గుగా ఉంటుంది. గ్రామర్ తప్పులు పోతే పోనీ, ఆగకుండా మాట్లాడటం వస్తే చాలు. క్లాసులు మొదలయ్యాక అర్థం కానిది తెలుగులో అడిగితే చెప్పే సార్లు, మేడమ్‌లు చాలామందే ఉంటారు, మొహమాటపడకు.

తెలుగు గురించి ఎవరూ చెప్పని లాభం ఒకటుంది. ఇప్పుడు ఫస్ట్ ఇయర్ నుంచే అప్పుడప్పుడు వార్డులకు తీసుకెళ్తారు. జిల్లా ఆసుపత్రికి వచ్చే పెద్దమ్మ 'కండ్లు తిర్గుతున్నయ్ బిడ్డా, దమ్మొస్తుంది, కాళ్లు గుంజుతున్నయ్' అంటుంది. ఆల్ ఇండియా కోటాలో రాజస్థాన్ నుంచో కేరళ నుంచో వచ్చిన నీ క్లాస్‌మేట్ బిక్కమొహం వేసుకుని నీ వైపు చూస్తాడు. వాళ్లకు ఫౌండేషన్ కోర్సులో కొంచెం తెలుగు నేర్పిస్తారు గానీ అది సరిపోదు. నువ్వు వాళ్లకు పేషెంట్ చెప్పింది చెప్పు, వాళ్లతో ఇంగ్లీషు మాట్లాడు. మా బ్యాచ్‌లో నా ఇంగ్లీషు బాగుపడింది ఇలాగే.

శవం గురించి. డిసెక్షన్ మొదలుపెట్టే రోజు కెడావరిక్ ఓత్ చేయిస్తారు, ఆ దేహాన్ని గౌరవంగా చూస్తామని. ఆ కాసేపు గుండె దడదడలాడుతుంది, నిజమే. కానీ మా హాల్లో కళ్లు తిరిగి పడిపోయినవాళ్లలో ఎక్కువమంది భయంతో పడలేదు, టిఫిన్ తినకుండా వచ్చి అంతసేపు నిలబడలేక పడ్డారు. తిని వెళ్లు. శవం పాడవకుండా వాడే ఫార్మలిన్‌కు కళ్లు మండి నీళ్లు కారతాయి, కాంటాక్ట్ లెన్సులు వాడితే ఆ రోజులకు కళ్లజోడే మంచిది. వారం పది రోజుల్లో నీ గొడవంతా ఆ నరం దొరకలేదే అన్నదాని మీదికి మళ్లుతుంది.

తిండి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఫిజియాలజీ ల్యాబ్‌లో మన వేలు మనమే పొడుచుకుని హిమోగ్లోబిన్ చూసుకోవాలి. మా బ్యాచ్ అమ్మాయిల్లో చాలామందికి తక్కువ వచ్చింది. కోచింగ్ హాస్టల్లో నీళ్ల పప్పు, సగం నిద్ర, ఇంకేం వస్తుంది? ఈ వారాల్లో అమ్మ చేతి వంట తిను, రాత్రి పూట నిద్రపో. చదువు కంటే ఇదే ముఖ్యం అంటే నవ్వుతావేమో, నేను సీరియస్‌గానే అంటున్నాను.

అసలు పెద్ద మార్పు సబ్జెక్టుల్లో లేదు. కోచింగ్ హాస్టల్లో (పేరెందుకులే) తెల్లారుజామున ఐదింటికి బెల్లు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, ఆదివారం ఇంటికి ఒక ఫోను, వారం వారం టెస్టు, నోటీసు బోర్డు మీద ర్యాంకుల లిస్టు. ఏ రోజు ఏం చదవాలో ఎవరో చెప్పారు, మనం చదివాం. ఇక్కడ సాయంత్రం క్లాసు అయిపోయాక నిన్ను అడిగేవాళ్లు ఉండరు. చేతిలో ఫోను ఉంటుంది. రెండేళ్లు సినిమా చూడనివాళ్లం, అన్నీ ఒకేసారి చూసేయాలనిపిస్తుంది, చూస్తాం కూడా, ఫ్రెషర్స్ అంటాం, ఎవరిదో బర్త్‌డే అంటాం, ఈలోగా అప్పర్ లింబ్ (చెయ్యి పాఠం) అయిపోయి ఇంటర్నల్స్ తేదీ వచ్చేస్తుంది. సరదా మానేయమని చెప్పను, నాకు తెలిసి ఎవరూ మానలేదు. ఆ రోజు డిసెక్షన్‌లో చూసింది ఆ రోజు రాత్రే రూమ్మేట్‌కు ఒక అరగంట చెప్పు, మిగతా సాయంత్రం నీ ఇష్టం. అటెండెన్స్ మాత్రం థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం ఉండాలి, దాంతో ఆటలొద్దు. ఫస్ట్ ఇయర్ పాస్ కావడానికి నాలుగే అటెంప్టులు. ఇది భయపెట్టడానికి కాదు, అంతదాకా ఎవరూ రానివ్వరు, కానీ తెలిసి ఉండాలి.

నీ కాలేజీ కొత్తది కదా. తెలంగాణలో 2022లో 8, 2023లో 9 ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, సంగారెడ్డి, జగిత్యాల, జనగామ, సిరిసిల్ల ఇవన్నీ వాటిలోవే. పాత కాలేజీల్లో సీనియర్లు ఎముకల సెట్టు, పాత ప్రశ్నపత్రాలు, ఏ ఎగ్జామినర్ ఏం అడుగుతారన్న కథలు అన్నీ కిందికి అందిస్తారు. కొత్త కాలేజీలో పైన ఉండే బ్యాచ్‌లే తక్కువ, కాబట్టి ఆ సరుకు తక్కువ. నలుగురు కలిసి ఒక ప్లాస్టిక్ ఎముకల సెట్టు కొనుక్కోండి, డిపార్ట్‌మెంట్‌లో అసలైనవి ఉంటాయి, అడిగి కూర్చుని చూసుకోండి. ప్రశ్నపత్రాలు మాత్రం అందరికీ మన హెల్త్ యూనివర్సిటీ అయిన కాళోజీ యూనివర్సిటీవే కాబట్టి గాంధీ మెడికల్ కాలేజీలోనో కాకతీయ మెడికల్ కాలేజీలోనో తెలిసిన అక్కనో అన్ననో పట్టుకుంటే దొరుకుతాయి. ర్యాగింగ్ గురించి అడిగావు, ఎవరైనా హద్దు దాటితే దేశమంతటికీ ఉన్న హెల్ప్‌లైన్ 1800-180-5522, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు.

పుస్తకాలు ఇప్పుడు కొనొద్దు. ఏ సార్ ఏ పుస్తకం అంటారో చూసి, లైబ్రరీలో ఉన్నవి తీసుకుని, మిగిలినవి పాతవి కొనుక్కో. ఇప్పుడు కొనాల్సినవి ఫుల్ హ్యాండ్స్ కాటన్ ఆప్రన్లు రెండు, వేళ్లు కనిపించని బూట్లు, ఒక దోమతెర. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో పెట్టుకుంటారు, ఇచ్చేముందే అన్నీ స్కాన్ చేసి నాలుగైదు సెట్ల జిరాక్సు తీసిపెట్టుకో, స్కాలర్‌షిప్‌కు, బ్యాంకుకు, హాస్టల్‌కు ప్రతిచోటా అడుగుతారు. మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ కూడా ఇప్పుడే తెచ్చుకో. ప్రభుత్వ కాలేజీలో కన్వీనర్ సీటుకు ట్యూషన్ ఫీజు ఏడాదికి 10,000 రూపాయలే, నెల నెలా అయ్యేది మెస్సుకు, బస్సులకు, జిరాక్సులకు. నాన్నకు ఈ లెక్క ఇప్పుడే కూర్చోబెట్టి చెప్తే సీటు వచ్చిన సంతోషంలో అప్పు చేసి ల్యాప్‌టాప్ కొనకుండా ఆగుతాడు, ఫస్ట్ ఇయర్‌కు ల్యాప్‌టాప్ అక్కర్లేదు.

ఇంకో సంగతి, ఈ వారాల్లోనే మొదలవుతుంది. చుట్టాలు షుగరు రిపోర్టులు, బీపీ మాత్రల షీట్లు పట్టుకుని వస్తారు, 'డాక్టరమ్మా ఇది వేసుకోవచ్చా' అని. మందుల గురించి మనం చదివేది సెకండ్ ఇయర్లో. అప్పటిదాకా ఏ మాత్ర మీదా మాట ఇవ్వకు, రాసిన డాక్టర్‌నే అడగమని చెప్పు, టీ ఇచ్చి పంపించు.

జాయినయ్యాక ఏ డౌట్ ఉన్నా ఇక్కడే రాయి, నైట్ డ్యూటీ లేని రోజు చూసి జవాబిస్తాను.