ప్రాతినిధ్యమా, ఆతిథ్యమా?

సందేహం: "వివాదస్పద గోల్ఫ్ కోర్సు యజమాని ట్రంప్ ఆ ఆటకు ప్రాతినిథ్యం వహించవచ్చా?" అన్న శీర్షిక చదివాను. 'ప్రాతినిథ్యం' ఒప్పా, 'ప్రతినిధ్యం' ఒప్పా?

సమాధానం: రెండూ తప్పే. 'ప్రాతినిధ్యం' అని రాయాలి. ప్రతినిధిలోని 'నిధి' ధా ధాతువు నుంచి వచ్చింది కనుక పొట్టలో చుక్క లేని 'ధ'యే ఉండాలి. భావార్థంలో 'య' చేరినప్పుడు మొదటి అచ్చుకు వృద్ధి వచ్చి 'ప్ర' కాస్తా 'ప్రా' అవుతుంది. యజమాని నుంచి యాజమాన్యం వచ్చినదీ ఇలాగే.

మరి చుక్క ఎలా చొరబడింది? అతిథి, ఆతిథ్యం అన్న మాటల్లో 'థ' ఉంది. ఆ అలవాటే ఇక్కడికీ పాకింది. చిత్రమేమిటంటే, ఆ శీర్షికకు నిజంగా కావలసిన మాట ఆతిథ్యమే!

ప్రతినిధి అంటే ఒకరికి బదులుగా నిలిపినవాడు. నిలిపినవారంటూ ఉండాలి. ట్రంప్‌ను గోల్ఫ్ తరఫున ఎవరు నిలిపారు? 2014లో స్కాట్లాండ్‌లోని టర్న్‌బెర్రీ గోల్ఫ్ మైదానాన్ని కొన్నారు, అంతే. మైదానం కొన్నవాడికి దక్కేది యాజమాన్యం. అక్కడ పోటీ పెడితే ఆతిథ్యం. గోల్ఫ్‌లో పెద్ద పోటీల్లో ఒకటైన ఓపెన్ ఛాంపియన్‌షిప్ అక్కడ 1977, 1986, 1994, 2009లలో జరిగింది. ఆయన కొన్నాక ఒక్కసారీ జరగలేదు. ట్రంప్ మద్దతుదారులు అమెరికా పార్లమెంటు ఉండే క్యాపిటల్ భవనంపై దాడి చేసిన కొద్ది రోజులకే, 2021 జనవరిలో, ఇప్పట్లో అక్కడ పోటీ పెట్టబోమని నిర్వాహక సంస్థ ఆర్ అండ్ ఏ ప్రకటించింది. మైదానానికి వంక పెట్టలేదు. చూపంతా ఆటమీద కాక యజమానిమీదికి పోతుందన్నదే అభ్యంతరం. అదే నెలలో అమెరికాలోని వృత్తి గోల్ఫర్ల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా కూడా తన 2022 పీజీఏ ఛాంపియన్‌షిప్‌ను ట్రంప్‌కే చెందిన బెడ్‌మిన్‌స్టర్ గోల్ఫ్ క్లబ్బు నుంచి తప్పించి, ఓక్లహోమాలోని సదరన్ హిల్స్‌కు మార్చింది. రెండుచోట్లా పోయింది ఆతిథ్యమే. లేని ప్రాతినిధ్యం ఎలా పోతుంది?

'వివాదస్పద' కూడా దిద్దుకోవాలి. వివాద + ఆస్పద కలిస్తే సవర్ణదీర్ఘం వచ్చి 'వివాదాస్పద' అవుతుంది. 'గోల్ఫ్ కోర్సు' తప్పు కాదు గాని, తెలుగు పాఠకుడికి కోర్సనగానే చదువు గుర్తొస్తుంది. 'గోల్ఫ్ మైదానం' అంటే ఆ చిక్కు లేదు. కొందరు రాసే 'గోల్ఫ్ కోర్టు' మాత్రం శుద్ధ తప్పు.

"వివాదాస్పద యజమాని చేతిలోని మైదానం ఓపెన్‌కు ఆతిథ్యం ఇవ్వవచ్చా?" అని ఉంటే శీర్షిక సరిపోయేది. ప్రాతినిధ్యం వహిస్తారు, ఆతిథ్యం ఇస్తారు. 'ఆతిథ్యం వహించు' అని కలగాపులగం చేయకండి.