ఫీజు కట్టే ముందు, నాన్న అంగడికి ఒక పేజీ రాయించండి

ప్రశ్న: మాది ధర్మవరం. మా వారికి పట్టుచీరల అంగడి ఉంది. పాప బీకాం ఫైనల్ ఇయర్ చదువుతోంది. చిన్నప్పటి నుంచి తెలుగు బాగా రాస్తుంది, వ్యాసరచన పోటీల్లో ప్రైజులు కూడా వచ్చాయి. ఇప్పుడు వెబ్‌సైట్లకు రాసే కంటెంట్ రైటింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. బెంగళూరులో ఒక ఇన్‌స్టిట్యూట్ మూడు నెలల కోర్సుకు 40 వేలు అడుగుతోంది. పాపకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఏఐ వచ్చాక ఈ పనులు ఉంటాయా అని మా వారికి టెన్షన్. బ్యాంకు పరీక్షలకు ప్రిపేర్ అయితే మేలని నా ఉద్దేశం. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ధర్మవరం

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి. ఆ 40 వేలు ఇప్పుడే కట్టకండి. ఈ పని పాపకు నచ్చుతుందో లేదో, పాపకు అబ్బుతుందో లేదో తెలుసుకునే దారి మీ అంగడిలోనే ఉంది. దానికి ఒక నెల ఓపిక చాలు.

ప్రైజులు వచ్చాయంటే పాపకు భాష ఉంది. అది సగం బలం. అయితే వ్యాసరచనకూ వెబ్‌సైట్ రాతకూ చాలా తేడా ఉంది. వ్యాసం దిద్దే టీచరు మార్కులు వేయాలి కాబట్టి చివరిదాకా చదువుతారు. వెబ్‌సైట్‌కు వచ్చినవాళ్ళకు ఆ అవసరం లేదు. బస్సులో నిలబడో, పొయ్యి మీద పాలు పెట్టో ఫోన్ తెరుస్తారు. తమకు కావలసింది కనబడకపోతే వెనక్కి వెళ్ళిపోతారు. వెబ్ వాడకం మీద పనిచేసిన జేకబ్ నీల్సన్ 1997లోనే దీన్ని పరీక్షించి చూపించారు. ఆయన గమనించినవాళ్ళలో 79 శాతం మంది కొత్త పేజీని పైపైన చూసుకుంటూ పోయారు. ప్రతి మాటా చదివినవాళ్ళు 16 శాతమే.

ఆ ప్రయోగంలో మీకు పనికొచ్చే ముచ్చట ఇంకొకటి ఉంది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రపు టూరిజం సమాచారాన్ని ఐదు రకాలుగా రాసి జనానికి చూపించారు. మొదటిది మామూలు ప్రచార భాష: ప్రపంచ ప్రఖ్యాతం, జనం తండోపతండాలుగా వస్తారు, అలాంటి ధోరణి. అందులోని పొగడ్తలు తీసేసి ఉన్నది ఉన్నట్టు రాస్తే పేజీని వాడుకోవడంలో సౌలభ్యం 27 శాతం మెరుగైంది. మాటలు సగానికి తగ్గిస్తే 58 శాతం. పొగడ్తలు తీసి, కుదించి, చూడగానే అర్థమయ్యేలా విడగొట్టి కూడా రాస్తే 124 శాతం. సమాచారం అదే, రాత ఒక్కటే మారింది. పాప నేర్చుకోవాల్సిన పని ఇదే.

ఇక మీ అంగడికి వద్దాం. మీకు వెబ్‌సైట్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోయినా ఫర్వాలేదు, పాప ఉచితంగా గూగుల్ వారి బ్లాగర్‌లో ఒక పేజీ పెట్టుకోవచ్చు. చీరల అంగళ్ళ పేజీలు చాలావాటిలో మొదటి పేరా ఇలా ఉంటుంది: "మా షోరూముకు స్వాగతం సుస్వాగతం. తరతరాలుగా నాణ్యతకు మారుపేరుగా, నమ్మకానికి చిరునామాగా, మగువల మనసు దోచే అపురూపమైన పట్టుచీరలను మీకు అందిస్తున్నాము." మీ పాపకు రాయమని చెప్పినా మొదట ఇదే రాస్తుంది, ఎందుకంటే మనమంతా చదివింది ఇదే. ఇందులో చీర గురించి ఒక్క ముక్క లేదు.

పాపను వారం రోజులు నాన్న పక్కన కూర్చోబెట్టండి. ఫోన్‌లో, వాట్సాప్‌లో, అంగట్లో కొనేవాళ్ళు అడిగే ప్రతి ప్రశ్ననూ వాళ్ళ మాటల్లోనే నోటు పుస్తకంలో రాసుకోమనండి. బ్లౌజు కలిపి వస్తుందా? జరీ నల్లబడుతుందా? ఫొటోలో రంగు, చీర రంగు ఒకటేనా? ఇది అచ్చం పట్టేనా? పెళ్ళి పదో తేదీన, ఆలోపు హైదరాబాదుకు చేరుతుందా? ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఏదో దాని జవాబే పేజీలో ముందు రావాలి. అప్పుడు పేజీ ఇలా తయారవుతుంది:

"ధర్మవరం పట్టుచీర – మెరూన్, వెడల్పు జరీ అంచు
చీర 5.5 మీటర్లు, బ్లౌజు పీసు 80 సెంటీమీటర్లు. రెండూ కలిపే వస్తాయి.
అచ్చమైన పట్టు. సిల్క్ మార్క్ లేబుల్ ఉంటుంది. జరీ: హాఫ్ ఫైన్.
పడుగు ఎరుపు, పేక పచ్చ. అందుకే వెలుతురును బట్టి రంగు మారినట్టు కనిపిస్తుంది. ఎండలో తీసిన ఫొటో, ఇంట్లో లైటు కింద తీసిన ఫొటో రెండూ పెట్టాం.
ఫాల్, పికో చేసి పంపాలంటే రెండు రోజులు ఎక్కువ పడుతుంది.
సెంటు నేరుగా జరీ మీద కొట్టకండి. డ్రై క్లీనింగ్ చేయించండి."

పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు) గురించిన వాక్యం చూడండి. రెండు రంగులు కలిసి మెరవడం ధర్మవరం చీర ప్రత్యేకతల్లో ఒకటి. ఆ సంగతి ముందే చెప్పకపోతే కొన్నావిడ "ఫొటోలో ఒక రంగు, పంపింది ఇంకో రంగు" అని చీర వెనక్కి పంపుతుంది. పడుగు, పేక తెలిసిన పిల్ల కాబట్టి పాప ఆ వాక్యం రాయగలదు. బెంగళూరులో ఏసీ గదిలో కూర్చుని రాసేవాళ్ళకు అది తట్టదు. ఈ ఒక్క వాక్యం విలువ మీ వారికి వెంటనే అర్థమవుతుంది, వారికి చూపించండి. సిల్క్ మార్క్ గురించి రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. అది సెంట్రల్ సిల్క్ బోర్డు 2004లో తెచ్చిన గుర్తు. నిజంగా ఆ లేబుల్ ఉన్న చీరకే రాయాలి. లేనిది ఉన్నట్టు రాయమని ఎవరు అడిగినా, నాన్న అడిగినా సరే, రాయకపోవడం పాప మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి.

ధర రాయడానికి మీ వారు ఒప్పుకోకపోవచ్చు. పట్టు రేటు, జరీ రేటు మారుతుంటాయి, పక్క అంగడివాళ్ళు చూస్తారు అంటారు. అందులో నిజం ఉంది. కనీసం "ఈ రకం చీరలు ఇంత నుంచి ఇంత వరకు" అని రాయించండి. ధర అసలే లేని పేజీ దగ్గర కొనేవాళ్ళు ఆగరు.

పేజీ తయారయ్యాక ఇంకొంచెం పని ఉంటుంది. చీర ఫొటో వెనక 'ఆల్ట్ టెక్స్ట్' అని రాసే చోటు ఒకటి ఉంటుంది. చూపు లేనివాళ్ళకు స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది, గూగుల్ కూడా ఫొటోలో ఏముందో దాన్నిబట్టి పసిగడుతుంది. అక్కడ "ఫొటో 1" అని కాకుండా "మెరూన్ ధర్మవరం పట్టుచీర, కొంగు మీద నెమళ్ళు" అని రాయాలి. లింకు ఇచ్చేటప్పుడు "ఇక్కడ క్లిక్ చేయండి" అని రాసే బదులు "చీర వెనక్కి పంపే పద్ధతి" అని రాస్తే ఎక్కడికి వెళ్తున్నామో తెలుస్తుంది. కొన్నాళ్ళకు గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిస్తే జనం ఏ మాటలు కొట్టి మీ పేజీకి వచ్చారో కనబడుతుంది. అది ఉచితమే. చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతుకుతారు, ఆ జాబితా చూస్తే పాపకే ఆశ్చర్యమేస్తుంది.

మన ఊళ్ళలో తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటి చెప్పాలి. డీటీపీ సెంటర్లలో కరపత్రాలు, శుభలేఖలు చాలావరకు అను ఫాంట్లలో కొడతారు. అదే మ్యాటర్ తెచ్చి వెబ్‌సైట్‌లో పెడితే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, గూగుల్‌కు అసలే దొరకదు. వెబ్‌కు యూనికోడ్ తెలుగే కావాలి, అంటే ఏ ఫోన్‌లో, ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగుగానే కనిపించే అక్షరాల పద్ధతి. ఫోన్‌లో మనం కొట్టేది యూనికోడే. కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంటే చేతి వేగం పెరుగుతుంది. తెలుగులో రాసే ఉద్యోగానికి ఇది పెద్ద అర్హత, మొదటి వారంలోనే మొదలుపెట్టించండి.

ఏఐ గురించి మీ వారి భయం నిజమైనదే. "పట్టుచీర గొప్పతనం" లాంటి పేరాలు ఇప్పుడు చాట్‌జీపీటీ క్షణంలో రాసిస్తుంది. ఆ మాదిరి పనికి ఎవరూ డబ్బు ఇవ్వరు, పాప ఆ దారిలో వెళ్ళకూడదు. కానీ గూగుల్, వెబ్ పేజీల నాణ్యతను అంచనా వేసేవాళ్ళకిచ్చే మార్గదర్శకాల్లో 2022 డిసెంబరులో 'అనుభవం' అనే అంశాన్ని చేర్చింది. రాసినవాళ్ళకు ఆ విషయంతో స్వయంగా పరిచయం ఉందా అన్నది చూడమంటోంది. 2024 మార్చిలో, ర్యాంకుల కోసం కుప్పలుగా తయారుచేసే పనికిరాని పేజీలను, మనిషి రాసినా మెషీన్ రాసినా, స్పామ్ కింద లెక్కగడతామని ప్రకటించింది. మగ్గం దగ్గరికి వెళ్ళి, నేతన్నను అడిగి, అంగట్లో విని రాసే పిల్లకు చోటు ఉంటుందని అందుకే నమ్మకంగా చెబుతున్నాను. ఏఐని పక్కన పెట్టుకుని తప్పులు దిద్దుకోవడానికో, హెడ్డింగులు నాలుగు రకాలుగా చూసుకోవడానికో వాడుకోవచ్చు. అది చెప్పిన ప్రతి అంకెనూ మాత్రం సరిచూసుకోవాలి.

ఇంగ్లిష్ సంగతి. తెలుగులో రాసే పనులు ఉన్నాయి: న్యూస్ సైట్లు, బ్యాంకులూ యాప్‌ల తెలుగు పేజీలు, అనువాదాలు. కానీ ఆ సమాచారం చాలావరకు ఇంగ్లిష్‌లోనే వస్తుంది. చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లిష్ తప్పనిసరి, దానికి మినహాయింపు లేదు. రోజుకొక ఇంగ్లిష్ పేజీ చదివి, దాని సారాన్ని ఐదు తెలుగు వాక్యాల్లో రాయమనండి. ఆరు నెలల్లో రెండూ పదునెక్కుతాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా మంచి బడి. అక్కడ ఆధారం లేని వాక్యం రాస్తే ఎవరో ఒకరు అడుగుతారు.

బీకాంను చిన్నచూపు చూడకండి. జీఎస్టీ, లోను, ఇన్సూరెన్సు అంటే కంగారుపడని రైటర్లు తక్కువ. చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్ను గురించి సులువైన తెలుగులో ఒక పేజీ రాస్తే, చీర పేజీతో పాటు అది కూడా పాప పోర్ట్‌ఫోలియోలో (పని ఇచ్చేవాళ్ళకు చూపించే నమూనాల కట్టలో) చేరుతుంది. ఇలాంటివి నాలుగు ఉంటే చాలు. ప్రతిదానికీ ముందు ఎలా ఉండేది, తర్వాత ఏం మార్చింది, ఎందుకు మార్చింది అని పక్కపక్కన చూపించాలి. సర్టిఫికెట్ కన్నా పని ఇచ్చేవాళ్ళు చూసేది దాన్నే. మొదట్లో జీతాలు గొప్పగా ఉండవని మాత్రం ముందే తెలిసి ఉండాలి.

ఆ తర్వాత కూడా కోర్సు కావాలంటే వెళ్ళనివ్వండి. చేరే ముందు రెండు విషయాలు అడగండి: నేర్పే సారు సొంతంగా రాసిన పేజీలు చూపించగలరా, పాప రాసిన ప్రతి పేజీనీ కూర్చుని దిద్దుతారా. దిద్దేవాళ్ళు లేని కోర్సు వీడియోలు చూడటంతో సమానం. వెతికినవాళ్ళకు మన పేజీ కనబడేలా చేసే పద్ధతుల (ఎస్ఈఓ) మీద గూగుల్ రాసిన ఎస్ఈఓ స్టార్టర్ గైడ్ లాంటివి డబ్బు లేకుండానే దొరుకుతాయి.

ఇంటి నుంచి రాసే పని ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని మెసేజ్ వస్తే అది మోసమే అనుకోండి. పని ఇచ్చేవాళ్ళు డబ్బు ఇస్తారు కానీ తీసుకోరు. పొరపాటున ఎవరైనా కట్టేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. శాంపిల్ పేరుతో పది ఆర్టికల్స్ ఉచితంగా రాయించుకునేవాళ్ళూ ఉన్నారు. ఒకటి రాసివ్వచ్చు, రెండోదానికి డబ్బు అడగమనండి.

బ్యాంకు పరీక్షల ఆలోచన మానుకోనక్కర్లేదు. పొద్దున ప్రిపరేషన్, సాయంత్రం గంటన్నర రాత. డిగ్రీ పరీక్షలయ్యేదాకా ఇలా సాగనివ్వండి. అప్పటికి పాప చేతిలో నాలుగు పేజీలు ఉంటే, వాటిని చూసి ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. మొదటి పేజీ పూర్తవగానే నాకు పంపించండి, ఎక్కడ మార్చాలో గుర్తుపెట్టి తిరిగి పంపుతాను.