716 పక్కన విశేషణం ఎందుకు?

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

పల్సార్ల మీద, అంటే గిరగిర తిరుగుతూ లయగా రేడియో స్పందనలు పంపే న్యూట్రాన్ నక్షత్రాల (పేలిపోయిన పెద్ద నక్షత్రాల చిక్కని శేషాల) మీద, నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. చేయి తిరిగిన వాక్యమే, కానీ మొదటి పేరాలోనే "ఊహకందని వేగం" అనేసి, పాఠకుడు పడాల్సిన ఆశ్చర్యాన్ని నువ్వే పడిపోయావు. టెర్జాన్ 5 అనే నక్షత్ర గుచ్ఛంలోని పల్సార్ సెకనుకు 716 సార్లు తిరుగుతుంది. వ్యాసార్థం పది కిలోమీటర్లనుకుని కాగితం మీద గుణించి చూడు: దాని నడిమి భాగం సెకనుకు దాదాపు 45 వేల కిలోమీటర్లు పరుగెడుతోంది. ఆ అంకె ఉండగా విశేషణంతో పనేముంది?

నీ బొంగరం పోలిక సగమే నిలుస్తుంది. తాడు లాగి వదిలిన బొంగరం, మామూలు పల్సార్ లాగే, క్రమంగా నెమ్మదిస్తుంది. ఇదేమో ముసలితనంలో వేగం పుంజుకున్నది. తోడు నక్షత్రం నుంచి పదార్థం సుడులు తిరుగుతూ వచ్చి పడడం వల్ల మళ్లీ ఊపందుకుంది. టెర్జాన్ 5 లాంటి గోళాకార గుచ్ఛాల నడిబొడ్డున నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి కనుక, ఒంటరి న్యూట్రాన్ నక్షత్రం కూడా ఎదురుపడిన జంటలో ఒకదాన్ని గెంటేసి ఆ చోట తాను చేరగలదు. అక్కడే ఎందుకు వెతుకుతారో చెప్పే ఈ కారణం నీ వ్యాసంలో లేదు.

వెతుకులాటను ఒక్క వాక్యంలో దాటేశావు, అసలు కథ అదే అయినా. దారిలోని ఎలక్ట్రాన్ల వల్ల తక్కువ పౌనఃపున్యపు తరంగాలు వెనకబడి, మిల్లీసెకన్ల స్పందనలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ ఆలస్యాన్ని ఊహించి సరిదిద్దాలి. పైగా తోడు చుట్టూ తిరిగే పల్సార్ ఒకసారి మనవైపు వస్తూ, ఒకసారి దూరమవుతూ ఉంటుంది కనుక దాని లయ డాప్లర్ ప్రభావంతో మారుతూనే ఉంటుంది. 1987లో ఎం28 అనే గుచ్ఛంలో తొలి గుచ్ఛ పల్సార్‌ను పట్టుకోవడం ఎంత కష్టమో ఆ ఆలస్యాన్నిబట్టే తెలుస్తుంది. ఒక గుచ్ఛంలో ఒక్కటి దొరికితే మాత్రం మిగతావాటి ఆలస్యమూ దాదాపు అంతే కాబట్టి పని తేలికవుతుంది. జేసన్ హెసెల్స్ 2004 నవంబరులో గ్రీన్ బ్యాంక్ టెలిస్కోపు సమాచారంలో ఈ 716ను గుర్తించాడు. అది తన కక్ష్యలో దాదాపు 40 శాతం కాలం తోడు చాటున మరుగైపోతుంది, అంటే మళ్లీ చూసిన ప్రతిసారీ కనిపించదు. 1982లో దొరికిన మరో పల్సార్ పేరిట ఉన్న, సెకనుకు 642 సార్లు అనే రికార్డు 24 ఏళ్లు నిలిచి, 2006లో ఈ ఫలితం అచ్చయ్యాక గానీ చెదరలేదు. ఆ నిరీక్షణ మీద కనీసం ఒక పేరా రాయి.

పుణె దగ్గరి రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ, ఎన్‌జీసీ 1851 అనే గుచ్ఛంలో కనిపెట్టిన పల్సార్‌ను వదిలేయడం కూడా నాకు నచ్చలేదు. అది బాగా సాగిన కక్ష్యలో తిరుగుతుంది. మన దేశపు డిష్‌లకు చిక్కింది.

పంపేముందు ప్రమాణాలు సరిచూసుకో. ఒకసారి నేను "సెకనుకు" బదులు "నిమిషానికి" అని రాశాను. అచ్చయ్యాక గానీ చూసుకోలేదు.