పనిలో తగిలిన దెబ్బా, ఇంట్లో తగిలిన దెబ్బా: కంటికి ఏది ప్రమాదం?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఇనుప సామాన్ల వర్క్‌షాపులో పనిచేస్తాను. రెండేళ్ల కిందట గ్రైండింగ్ చేస్తుండగా కంట్లో నలక పడితే డాక్టరు తీసేశారు, తగ్గిపోయింది. మూడు వారాల కిందట ఇంట్లో ఉలి మీద సుత్తితో కొడుతుంటే అదే కంటికి ఏదో చురుక్కుమని తగిలింది. నొప్పి ఆ రోజే పోయింది గానీ, ఇప్పుడు చూపు కాస్త మసకగా ఉంది. పనిలో తగిలే దెబ్బలే ప్రమాదమని, ఇంట్లో తగిలినవి వాటంతటవే మానతాయని తోటివారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. మిగతా విషయాలు తర్వాత చదవండి, ముందు ఈరోజే కంటి డాక్టరును కలవండి.

గ్రైండింగ్‌లో ఎగిరే నలక సాధారణంగా నల్లగుడ్డు పైపొరలోనే ఇరుక్కుంటుంది. అక్కడ నరాల కొసలు దట్టంగా ఉంటాయి కాబట్టి మనిషిని కుదురుగా ఉండనివ్వదు, ఆ బాధే ఆసుపత్రికి నడిపిస్తుంది. సుత్తి దెబ్బకు ఉలి నుంచి ఊడే పెచ్చు మాత్రం ఎంతో వేగంగా వచ్చి, కంటిపొరను చీల్చుకుని లోపలికి వెళ్లిపోగలదు. అది చేసిన రంధ్రం చిన్నదై మూసుకుపోతే ఎరుపూ నొప్పీ పెద్దగా ఉండకపోవచ్చు. లోపల ఉండిపోయిన ఇనుము మాత్రం క్రమంగా కంటి వెనక చూపునిచ్చే పొర అయిన రెటీనాను దెబ్బతీస్తుంది, శుక్లం తెప్పిస్తుంది. చీము పట్టే ముప్పూ ఉంది. నొప్పి తగ్గిందన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఎక్కడ తగిలిందన్నది నష్టపరిహారానికి అవసరం కావచ్చు. చికిత్సకు కావలసింది ఏది తగిలింది, ఎంత వేగంతో తగిలింది, ఎంతసేపటికి వైద్యం అందింది అన్నవే. పనిలో ఎక్కువగా చూసేవి నలకలు, వెల్డింగ్ వెలుగు వల్ల కొన్ని గంటల తర్వాత మొదలై ఒకటి రెండు రోజుల్లో తగ్గే మంట, రసాయనాలు పడటం. బయట తగిలేవి బంతి, మోచెయ్యి, పసిపిల్లల గోరు, చెట్టు కొమ్మ, బాణసంచా. బంతి దెబ్బకు కంటి ముందు గదిలో రక్తం చేరవచ్చు, రెటీనా చిరగవచ్చు, ఏళ్ల తర్వాత నీటికాసులు (గ్లాకోమా) రావచ్చు. ఆకో కొమ్మో గీసుకున్న చోట ఫంగస్ చేరితే, మందుల షాపులో అడిగి కొన్న స్టెరాయిడ్ చుక్కలు దాన్ని మరింత పెంచుతాయి. సున్నం వంటి క్షారం పడితే అది కర్మాగారమైనా, ఇల్లయినా వెంటనే కనీసం 15 నుంచి 30 నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలి, ఆసుపత్రికి పరుగు ఆ తర్వాతే.

పనిలో కళ్లద్దాలు పెట్టుకునేవారే ఇంట్లో సుత్తి పట్టినప్పుడు వాటిని మరిచిపోతారు. ఇంట్లో చేసేది పనిగా అనిపించదు మరి! చూపు కోసం పెట్టుకునే మామూలు అద్దాలు ఇందుకు సరిపోవు, పక్కల కూడా మూసి ఉండే పాలీకార్బొనేట్ అద్దాలు కావాలి.

డాక్టరుకు చూపు మసకబారిందని చెప్పడంతో ఆగకుండా, ఇనుము మీద ఇనుముతో కొడుతుండగా తగిలిందని మొదటే చెప్పండి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి లోపల చూస్తారు, అవసరమైతే సీటీ స్కాన్ తీయిస్తారు. కంట్లో ఇనుము లేదని తేలేదాకా ఎమ్మారై చేయించుకోకండి, ఆ అయస్కాంత బలానికి ముక్క లోపల కదలవచ్చు. వెళ్లేదాకా కన్ను నలపకండి, నొక్కకండి, సొంతంగా చుక్కలు వేసుకోకండి.