సెలవుల్లో చదువు, మంచం కింద దాచిన లెక్కల పుస్తకం

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. మూడో తరగతి పూర్తయింది. సెలవుల్లో నేర్చుకున్నదంతా మరిచిపోతాడన్న భయంతో రోజుకు నాలుగు గంటలు చదివించాలని టైంటేబుల్ వేశాను. వారం రోజులు బాగానే కూర్చున్నాడు. ఇప్పుడు లెక్కల పుస్తకాన్ని మంచం కింద దాచేసి, కనిపించడం లేదని అబద్ధం చెబుతున్నాడు. కథల పుస్తకాలు చదివితే పేజీకి ఇంత అని డబ్బు ఇస్తానన్నాను. పేజీలు తిప్పేస్తున్నాడే తప్ప చదవడం లేదు. మా వారేమో సెలవులు సెలవుల్లాగే ఉండనివ్వమంటారు. దీని మీద మా ఇద్దరికీ రోజూ గొడవే. నేను చేస్తున్నది తప్పా?

జవాబు: మీ భయం ఆధారం లేనిది కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హారిస్ కూపర్, ఆయన సహచరులు అంతకుముందు జరిగిన 39 పరిశోధనలను ఒకచోట చేర్చి 1996లో ప్రచురించిన సమీక్షలో, వేసవి సెలవుల తర్వాత పిల్లలు సగటున సుమారు ఒక నెల చదువు మేరకు వెనకబడుతున్నారని, అందులోనూ లెక్కలు చేసే పద్ధతులను, పదాలను తప్పుల్లేకుండా రాయడాన్ని ఎక్కువగా మరిచిపోతున్నారని తేలింది. ఆ నష్టం అంత పెద్దది కాదని, కొలిచే పరీక్షను బట్టి ఫలితం మారుతోందని వాదించిన పరిశోధకులు తర్వాత వచ్చారు. ఏది నిజమైనా, ఆ పాటి మరుపును ఆపడానికి రోజుకు నాలుగు గంటలు అక్కర్లేదు.

మీ ఉత్తరం చదువుతుండగా నా దృష్టి ఒక్క మాట దగ్గర నిలిచిపోయింది. బాబు దాచింది అన్ని పుస్తకాలనూ కాదు, లెక్కల పుస్తకాన్ని మాత్రమే. ఒక్క పుస్తకాన్నే ఏరి దాచాడంటే, అందులో తనకు రానిదేదో ఉందని, అది మీ కంట పడుతుందని భయపడుతున్నాడేమో అని నాకు అనిపిస్తోంది. ఈ వయసు పిల్లలు తరచుగా తడబడేది అప్పు తెచ్చుకుని చేసే తీసివేతల దగ్గర. 52లోంచి 27 తీసివేయమంటే చాలామంది 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేసి ఐదు వేస్తారు, పదుల స్థానంలో ఐదులోంచి రెండు తీసి మూడు వేస్తారు. అది అజాగ్రత్త కాదు, తప్పుగా అర్థం చేసుకున్న పద్ధతిని శ్రద్ధగా పాటించడం. అలాంటి పిల్లవాడి చేత రోజుకు యాభై లెక్కలు చేయిస్తే ఆ తప్పే యాభై సార్లు గట్టిపడుతుంది.

అందుకని కొత్త లెక్కలు ఇచ్చే ముందు, పాత నోటుపుస్తకంలో తప్పు పోయిన లెక్క ఒకటి తీసి, ‘ఇది ఎలా చేశావో నాకు చెప్పు నాన్నా’ అని అడిగి, మధ్యలో సరిదిద్దకుండా చివరిదాకా వినండి. తప్పు ఎక్కడుందో బాబు మాటల్లోనే తెలుస్తుంది. తర్వాత పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టించి, ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి, అందులోంచి 27 పుల్లలు మీకు ఇమ్మనండి. ఒక కట్ట విప్పితే తప్ప ఇవ్వలేనని తనే కనిపెట్టిన రోజున, అప్పు తెచ్చుకోవడం అనే మాటకు అర్థం దొరుకుతుంది. దీనికి పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు చాలు, అదీ వారానికి ఐదు రోజులే. ఒక్క రోజే గంటన్నర కూర్చోబెట్టడం కంటే అదే సమయాన్ని వారమంతా పంచితే నేర్చుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుంది.

పేజీకి డబ్బు ఇవ్వడం మాత్రం వెంటనే మానేయండి. బొమ్మలు వేయడం ఇష్టమైన చిన్నపిల్లలకు, బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి వేయించినప్పుడు, తర్వాత ఖాళీ సమయంలో వాళ్లు మిగతా పిల్లలకంటే తక్కువగా బొమ్మలు వేశారని 1973లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ లెప్పర్ బృందం ప్రచురించిన ప్రయోగం చూపించింది. మీ బాబు కూడా డబ్బు దేనికి వస్తుందో అదే, అంటే పేజీలు తిప్పడమే చేస్తున్నాడు. పుస్తకాన్ని బాబునే ఎంచుకోనివ్వండి. అది తన తరగతి కంటే తేలికగా ఉన్నా, బొమ్మలే ఎక్కువగా ఉన్నా, ఇప్పటికే నాలుగు సార్లు చదివినదైనా అభ్యంతరం చెప్పకండి. రాత్రి పడుకునే ముందు పెద్దవాళ్లు పైకి చదివి వినిపించడం ఎనిమిదేళ్ల పిల్లవాడికి కూడా అవసరమే. ఆ పని మీ వారికి అప్పగించండి. సెలవులు సెలవుల్లాగే ఉండాలన్న ఆయన మాటలో న్యాయం ఉంది, మిగిలిన రోజంతా బాబు ఆడుకోవాలి. కానీ ఆ వాదన బాబు వినే చోట జరగకూడదు. తన చదువు వల్లే అమ్మానాన్నలు పోట్లాడుకుంటున్నారని అనుకునే పిల్లవాడికి పుస్తకం చూస్తేనే గుండె బరువెక్కుతుంది.

పుస్తకం ఎక్కడ పెట్టావని మళ్లీ అడగకండి. మంచం కింద ఉందని మీకు తెలుసు. తెలిసీ అడిగితే మరో అబద్ధం చెప్పమని దారి చూపినట్టే. మీరే బయటికి తీసి, ‘నాలుగు గంటలు కూర్చోమనడం నాదే పొరపాటు, రేపటి నుంచి పావుగంటే, నీతో నేనూ కూర్చుంటాను’ అని చెప్పండి. ఇలా మూడు నాలుగు వారాలు గడిచినా తేలిక వాక్యాలు కూడా కూడబలుక్కునే చదువుతున్నా, పదికి లోపు కూడికలకు సైతం వేళ్లు లెక్కపెడుతున్నా, చూపు, వినికిడి పరీక్ష చేయించండి. బడి తెరిచిన మొదటి వారంలోనే టీచరును కలిసి, ఆ తప్పులున్న పేజీలను సరిదిద్దకుండా ఉన్నవి ఉన్నట్టుగా చూపించండి.