పుంజు చిక్కిపోతుంటే ముందు చెయ్యి పెట్టి చూడు

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

మేత తింటోంది, తెల్లారి కూత కూడా మానలేదు, అయినా మూడు కిలోల డేగ పుంజు రెండుంబావుకి దిగిందన్నావు. షాపులో ఇచ్చిన మందులు మూడూ కలిపి నీళ్లలో పెట్టేశానన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఫోన్లో తిడితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను. ముందు ఆ నీళ్లు పారబొయ్యి.

చీకటి పడ్డాక పుంజుని పట్టుకో, ఆ వేళ గోల చెయ్యదు. రొమ్ము మీద చెయ్యి వెయ్యి. నడిమి ఎముక కత్తి అంచులా తగిలి, రెండు పక్కలా కండ లేకపోతే అది నిన్న మొన్న చిక్కింది కాదు. పైన ఈకలు నిండుగా ఉంటాయి కాబట్టి కంటికి తెలియదు.

తర్వాత మెడ మొదట్లో, కుడివైపు ఉండే మేత సంచి తడుము. సాయంత్రం నిండుగా ఉండాలి. రాత్రి మేత తీసేసి, తెల్లవారుజామున మళ్లీ తడిమితే ఖాళీగా ఉండాలి. అప్పటికీ గట్టిగా ముద్దలా ఉన్నా, నీళ్ల తిత్తిలా ఊగుతూ నోట్లోంచి పులిసిన వాసన వస్తున్నా జబ్బు అక్కడే ఉంది. మా ఎర్ర పుంజుకి నేను ఈ పని చెయ్యలేదు. నట్టలే, అంటే కడుపులో పురుగులే అని తీర్మానించుకుని రెండుసార్లు మందు పోశాను. చచ్చిపోయాక కోసి చూస్తే సంచిలో ఉండచుట్టుకున్న గడ్డి, దాని మధ్య జానెడు పురికొస. తవుడు బస్తా కుట్టు విప్పి నేనే పెరట్లో పారేసింది. కందనకాయలో ఒక్క గింజ లేదు. రోజూ నా కళ్లెదుటే తింటూ ఆకలితో పోయింది.

సంచి బాగుంటే ఇక రెట్ట చూడాలి. పుంజుని వేరే గంప కింద పెట్టి, అడుగున పేపరు పరువు. గోధుమరంగు ముద్ద మీద తెల్లటి టోపీలా ఉంటే మంచిదే. మధ్యమధ్యలో ఒకసారి జిగురుగా, కంపుగా పడుతుంది, దానికి టెన్షన్ పడకు. నెత్తురు కనిపిస్తే రక్తపారుడు అనుమానించాలి, అది ఎక్కువగా పిల్లకోళ్లకి వస్తుంది. అన్నం మెతుకుల్లాంటి తెల్ల ముక్కలు కదులుతుంటే బద్దె పురుగులు. పైకి ఏమీ కనిపించకపోయినా ఏలిక పాములు ఉండొచ్చు. అందుకే ఆ పూట పడిన రెట్టనే చిన్న డబ్బాలో వేసి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లు. ఫోటో కాదు, రెట్టే. మైక్రోస్కోప్‌లో గుడ్లు చూసి చెబుతారు. పైపరజిన్ అనే నట్టల మందు ఏలిక పాములకి పనిచేస్తుంది, బద్దె పురుగుని ఏమీ చెయ్యదు. ఏ నట్టల మందైనా బరువుని బట్టే ఇస్తారు కాబట్టి తూచి రాసుకున్న కాగితం పట్టుకెళ్లు. రెండో మోతాదు ఎప్పుడో అడిగి తెలుసుకో. వెళ్లలేకపోతే పశువైద్యానికి పెట్టిన 1962 నంబరుకి ఫోన్ చెయ్యి.

రెక్కల కింద, ముడ్డి చుట్టూ ఈకలు విడదీసి పేలు కూడా చూడు. పేలలాంటి కొన్ని పురుగులు పగలు కోడి మీద ఉండవు, రాత్రి టార్చి వేస్తే కోడి కూర్చునే కర్ర సందుల్లో దొరుకుతాయి. పేలకని చేలో కొట్టే పురుగుమందు మాత్రం పుయ్యకు. పేలతోపాటు కోడీ పోతుంది.

ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి చాపి పడిపోతుంటే అది మారెక్స్ అనే వైరస్ జబ్బు కావచ్చు, దానికి మందు లేదు. మెడ వంకర తిరిగి ఆకుపచ్చ పారుడు మొదలైనా, మిగతా కోళ్లు వరసగా రాలిపోతున్నా డాక్టరుకి వెంటనే చెప్పు, చచ్చినవాటిని కాలవలో వెయ్యకు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఎంత పని చేసిందో గుర్తుందిగా.

ఈలోపు గాలి తగలని చోట వెచ్చగా ఉంచు. మేత సంచి దిగుతుంటేనే నానిన నూకల్లో ఉడికిన గుడ్డు చిదిపి కొంచెం కొంచెం పెట్టు. ముక్కు తెరిచి నీళ్లు పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూడు రోజులకోసారి, పొద్దున్నే, మేత వెయ్యకముందు గుడ్డసంచిలో పెట్టి తూచు.

శనివారం పొద్దుటి బస్సుకి వస్తాను. అప్పటిదాకా మీ అత్త ఎంత నస పెట్టినా దాన్ని కూరకి కొయ్యనివ్వకు. నువ్వు పోసిన మూడు మందులూ ఇంకా దాని ఒంట్లోనే ఉన్నాయి.

ఇట్లు,
పెదనాన్న