ధర చూసి టమాటా నాటితే నష్టమెందుకు వస్తోంది?

ప్రశ్న: మూడెకరాల్లో టమాటా వేస్తున్నాను. ధర బాగున్నప్పుడు చూసి నాటుతున్నా, కోత మొదలయ్యేసరికి పడిపోతోంది. రెండుసార్లు ఇలాగే అయింది. పోయినసారి బాగా పండిన కాయలు దూరపు మార్కెట్‌కు చేరేలోపే నలిగి నీరు కారాయి. శీతల గిడ్డంగిలో పెట్టి, ధర వచ్చాక అమ్ముకోవచ్చా? లేక టమాటా మానేయమంటారా?

జవాబు: టమాటా మానేయాల్సిన పని లేదు. మూడెకరాలూ ఒకేసారి నాటడం మాత్రం మానండి.

మీరు ధర చూసిన రోజుకీ, మీ కాయ మార్కెట్‌కు వెళ్లే రోజుకీ మధ్య ఎంత కాలం ఉందో లెక్కేయండి. నారు పెరగడానికి 25 నుంచి 30 రోజులు, నాటాక మొదటి కోతకు రకాన్ని బట్టి మరో 60 నుంచి 80 రోజులు. అంటే దాదాపు మూడు నెలలు, లేదా ఇంకా ఎక్కువే. ఈరోజు మంచి ధర చూసి నారు పోసింది మీరొక్కరే కాదు, వందల మంది. వాళ్లందరి కాయా మీ కాయతో పాటే దిగుతుంది. పోనీ సరుకు పెరిగిందని జనం రెండింతలు తింటారా? తినరు. అందుకే సరుకు కాస్త పెరిగినా ధర బాగా జారిపోతుంది. నష్టపోయినవాళ్లు తర్వాతి పంట తగ్గిస్తారు, ధర మళ్లీ లేస్తుంది. ఆర్థికశాస్త్రంలో దీన్ని సాలెగూడు సిద్ధాంతం అంటారు. 1934లో నికొలస్ కాల్డర్ ఆ పేరు పెట్టారు. మీకు రెండుసార్లూ జరిగింది ఇదే. దీనికి మీ సేద్యాన్ని తప్పుపట్టను.

రేపటి ధర ముందే చెప్పగలమనే మాటను నేను నమ్మను. అందుకే భూమిని మూడు భాగాలు చేసి, 15 నుంచి 20 రోజుల తేడాతో నాటమంటాను. నారు కూడా అదే తేడాతో పోసుకోవాలి, ముదిరిన నారు నాటితే దిగుబడి తగ్గుతుంది. ఇలా చేస్తే అన్నిటికంటే మంచి ధర మొత్తం పంటకు రాకపోవచ్చు, కానీ అన్నిటికంటే చెడ్డ ధర మొత్తం పంట మీద పడే అవకాశం బాగా తగ్గుతుంది. అప్పు తెచ్చి సాగు చేసేవారికి ఈ రెండోదే ముఖ్యం. ఒక భాగంలో బెండ లాంటిది వేస్తే ఇంకా నయం. అయితే బెండ ముదరకుండా రోజు విడిచి రోజు కోయాలి, కూలీలు దొరుకుతారో లేదో ముందే చూసుకోండి.

కాయలు నలిగిపోవడానికి అసలు కారణం, బాగా ఎర్రబడ్డాక కోసి దూరం పంపడం. టమాటా చెట్టు నుంచి కోశాక కూడా పండుతుంది, ఆ గుణాన్ని వాడుకోండి. దగ్గరి అమ్మకానికి ఎర్రటి కాయ కోయండి. దూరం పంపాలంటే అడుగున రంగు అప్పుడే తిరుగుతున్న కాయ కోయాలి. 20 డిగ్రీల దగ్గర అది ఎర్రబడటానికి సుమారు వారం పడుతుంది. ఇంకా దూరమైతే ముదిరిన పచ్చికాయ పంపవచ్చు, కానీ లేతకాయ కలవకూడదు. పదునైన కత్తితో అడ్డంగా కోసి చూడండి: గింజలు తెగకుండా పక్కకు జరిగి, చుట్టూ జిగురు ఉంటే కాయ ముదిరినట్టే. గింజలు తెగితే ఇంకా ఆగాలి.

కోత తెల్లవారుజామునే చేసి, కాయల్ని వెంటనే నీడకు చేర్చాలి. 30 డిగ్రీలు దాటిన వేడిలో కాయకు ఎరుపు సరిగా రాదు, పసుపు నారింజ రంగులోనే ఆగిపోతుంది. గోనె సంచులు వద్దు, ప్లాస్టిక్ క్రేట్లు వాడండి. క్రేటు అంచు దాటి నింపితే పైక్రేటు బరువంతా కాయల మీదే పడుతుంది. పగిలిన కాయ, పుచ్చిపోయిన కాయ ముందే ఏరేయండి. ఒక్క కుళ్లుకాయ నుంచి బూజు చుట్టూ ఉన్నవాటికి పాకుతుంది. అన్నీ కలిపి పోస్తే కొనేవాడు నాసిరకాన్ని చూసే ధర కడతాడు.

ఇక శీతల గిడ్డంగి. బంగాళాదుంపలా నెలల తరబడి టమాటా నిలవ ఉండదు. ముదిరిన పచ్చికాయను 12.5 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంచితే రెండు మూడు వారాలు ఆగుతుంది. మరీ చల్లగా, 10 డిగ్రీల లోపు పెడితే తర్వాత సరిగా పండదు, మచ్చలు పడి కుళ్లుతుంది. నాలుగైదు రోజులు సర్దుబాటు చేసుకోవడానికి గిడ్డంగి పనికొస్తుంది కానీ, ధర లేచేదాకా కూర్చోవడానికి కాదు. పండే టమాటాల నుంచి ఇథిలీన్ వాయువు వస్తుంది కాబట్టి ఆకుకూరలు, దోసకాయలు అదే గదిలో పెట్టకండి, పసుపుబారిపోతాయి.

ధర బాగా పడిన రోజు కోయాలా వద్దా అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. ఆ రోజు విత్తనం, ఎరువుల ఖర్చు గుర్తు చేసుకోవద్దు, అది ఎలాగూ తిరిగిరాదు. కోతకూలి, క్రేట్లు, రవాణా, కమీషన్ కలిపి, వచ్చే డబ్బుతో పోల్చండి. ఒక్క రూపాయి మిగిలినా కోయండి. మిగలకపోతే అమ్మకానికి కోయకండి, కానీ కాయల్ని చేలో కుళ్లనివ్వకండి. కాయతొలుచు పురుగు వాటిలోనే పెరిగి, మీరు ఆలస్యంగా నాటిన మడి మీదికి వస్తుంది. ఏరించి లోతుగా పూడ్పించండి.